బ్రేకుల బాబాయి చూడని ఊరు

డిపోలో ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ పట్టలేదు. అందరూ బ్రేకుల బాబాయి అనేవారు. కొండమీది ఊరికి వెళ్ళే బస్సును ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు నడిపాడు. పద్నాలుగు మలుపుల ఘాట్ రోడ్డు అది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, నడుమ బస్సు వెడల్పు కంటే జానెడు ఎక్కువ తారు. కుర్ర డ్రైవర్లు గంటన్నరలో ఎక్కించే కొండను ఆయన రెండు గంటలకు తక్కువ కాకుండా ఎక్కించేవాడు. కుడికాలు బ్రేకు మీద నుంచి కదిలితే కదా.

తొందరున్నవాళ్ళు స్టీరింగు దగ్గర ఆయన్ని చూడగానే ఎక్కిన మెట్టు దిగి, తరవాతి బస్సు కోసం నిలబడేవారు. నెలలు నిండిన ఆడవాళ్ళు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు మాత్రం ఆయన డ్యూటీ ఏ పూటో కనుక్కుని మరీ వచ్చేవారు. ఆయన బస్సెక్కితే కడుపులో చల్ల కదలదని వాళ్ళ నమ్మకం. గుడ్ల వ్యాపారి ఒకాయనైతే, బస్సు మీద వేసిన నాలుగు వందల గుడ్లలో ఒక్కటి కూడా చిట్లలేదని డిపో మేనేజరుకు ఉత్తరం రాశాడు. సర్వీసు మొత్తంలో బాబాయి అందుకున్న ప్రశంసాపత్రం అదొక్కటే. దానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించుకున్నాడు.

ఇన్ని వేలసార్లు ఆ కొండెక్కి దిగిన మనిషి ఆ ఊరు మాత్రం చూడలేదు. చెబితే ఎవరూ నమ్మరు గానీ నిజం. ఎక్కేటప్పుడు ఆయన చూపు బస్సు ముందున్న పది గజాల రోడ్డు మీదే. వెనక సీట్లలో ఎవరైనా "అబ్బ, లోయ ఎంత బాగుందో" అంటే, లోయ ఉన్నచోటే ఉందన్నమాట అనుకునేవాడు, అంతే. పైకి చేరాక బస్సును వెనక్కి తిప్పిపెట్టి, రిజిస్టరులో సంతకం గీకి, బస్టాండు వెనకనున్న డ్రైవర్ల గదిలోకి వెళ్ళేవాడు. మూడు ఇనప మంచాలు, డీజిలు వాసన కొట్టే కంబళ్ళు, పగిలిన అద్దం బదులు అట్టముక్క బిగించిన కిటికీ. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య డ్రైవరు విశ్రాంతి తీసుకోవాలని గోడమీద బోర్డు ఉండేది. మిగతావాళ్ళు ఆ బోర్డు కింద కూర్చుని పేకాడేవారు. బాబాయి బోర్డు చెప్పినట్టు పడుకునేవాడు. లేచి, ఎదురుగా ఉన్న కొట్లో టీ తాగి, మళ్ళీ బస్సెక్కేవాడు. ఆయన ఎరిగిన ఊరు బస్టాండు దగ్గర మొదలై టీ కొట్టు దగ్గర అయిపోయేది.

ఈ సంగతి ఆయన భార్యకు తెలియదు. తెలియకపోగా, ఆ ఊరి గురించి ఆవిడకు తెలిసినంత అక్కడ పుట్టినవాళ్ళకు కూడా తెలియదు.

పెళ్ళైన కొత్తలో భోజనాల దగ్గర ఆవిడ "పైన ఏముంటుందండీ?" అని అడిగింది. నిద్రపోయి వచ్చానని చెప్పడానికి ఆయనకు మొహం చెల్లలేదు. నోటికి వచ్చింది చెప్పాడు.

"చెరువుంది."

"పెద్దదా?"

"పెద్దదే. బాతులు కూడా ఉన్నాయి."

ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. అంత శ్రద్ధగా ఆయన మాట అంతవరకు ఎవరూ వినలేదు. డిపోలో ఆయన నోరు విప్పితే "ముందు పోనివ్వండి బాబాయ్" అనేవాళ్ళే. మర్నాడు చెరువు చుట్టూ గులాబీలు లేచాయి. ఆ వారంలోనే చెరువు మీద చెక్క వంతెన పడింది. నెల తిరిగేసరికి బాతుల్లో ఒకటి కుంటడం మొదలుపెట్టింది.

ఆ కుంటిబాతు దగ్గరే ఆయన దొరికిపోవలసింది. డ్యూటీ నుంచి రాగానే "కుంటిది ఎలా ఉంది?" అని అడిగేది ఆవిడ. ఒకరోజు జోరువానలో రెండు ట్రిప్పులు కొట్టి విసిగిపోయిన బాబాయి "పోయింది" అన్నాడు. ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయింది. రెండు రోజులు పొయ్యి దగ్గర ముక్కు చీదుతూనే ఉంది. మూడోరోజు ఆయన చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే, "పోయింది మన కుంటిది కాదే, దాని పక్కది" అని చెప్పి గండం గట్టెక్కాడు. ఆ తరవాత ఆ బాతు పందొమ్మిదేళ్ళుగా ఆరోగ్యంగా ఉంది.

ఆవిడ పైకి వస్తానన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం చెప్పేవాడు. వానలన్నాడు, రోడ్డు మరమ్మతన్నాడు, అమ్మాయి పరీక్షలన్నాడు. భార్య బస్సులో ఉంటే ధ్యాస చెదురుతుందని కూడా అన్నాడు. అలా నెట్టుకొచ్చాడు, పదవీ విరమణ దాకా. ఆరోజు డిపోవాళ్ళు ఒక గోడగడియారమూ, దంపతులిద్దరూ ఏ రూటులోనైనా తిరిగిరావడానికి ఒక పాసూ ఇచ్చారు. గడియారం ఆయన పట్టుకున్నాడు. పాసు ఆవిడ పట్టుకుంది.

"మీ చెల్లెలి ఊరు వెళ్దామా?" అన్నాడు ఆయన, గొంతులోకి జాగ్రత్తగా హుషారు తెచ్చుకుంటూ.

"మా చెల్లెలి ఇంట్లో చెరువుందా? కొండమీదికే."

ఆయన పాత సాకులన్నీ వెతికాడు. అమ్మాయికి పెళ్ళై పిల్లలు కూడా పుట్టేశారు, పరీక్షలనడానికి లేదు.

బయల్దేరిన రోజు స్టీరింగు దగ్గరున్నది ఆయన దగ్గరే ఘాట్ డ్రైవింగు నేర్చుకున్న శిష్యుడు. "మీరు వెనకుండగా నడపాలంటే మళ్ళీ లైసెన్సు పరీక్షకు కూర్చున్నట్టుంది బాబాయ్" అంటూ తన వెనక సీటే ఇచ్చాడు. మొదటి మలుపులోనే బాబాయి కుడికాలు నేలను తొక్కింది. మూడో మలుపుకు ఆయన ముందున్న కమ్మీ పట్టుకున్నాడు.

"సెకండు గేరు" అన్నాడు ఐదో మలుపులో.

"వేశాను బాబాయ్."

"హారను."

"కొట్టాను బాబాయ్."

"విన్నాను. ఇంకోసారి కొట్టు."

భార్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "బస్సు అతను నడుపుతున్నాడు. మీరు కిటికీలోంచి చూడండి."

చూశాడు. అదే పొరపాటైంది. ఇన్నేళ్ళూ పక్కన పడి ఉన్న లోయను ఆయన చూడటం అదే మొదలు. చెట్ల తలలు కింద, వాటి కింద ఇంకా చెట్ల తలలు, అడుగు ఎక్కడా లేదు. ఘాట్ రోడ్డు మీద వాంతులు చేసుకునేవాళ్ళంటే బాబాయికి మహా చులకన. మనసు గట్టిదైతే కడుపు గట్టిగా ఉంటుందని ఎందరికో చెప్పి పంపాడు. తొమ్మిదో మలుపు దాటాక ఆయన మనసు గట్టిగానే ఉంది గానీ కడుపు వినలేదు. చెయ్యెత్తాడు. కండక్టరమ్మ సంచి అందించి, మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది. తరవాత నిమ్మకాయ చేతిలో పెట్టి, "కిందకి చూడకండి బాబాయ్, దూరంగా కొండను చూడండి" అంది. ఆ మాట ఆవిడకు నేర్పింది ఆయనే. ఆయన భార్య మాత్రం కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, వేరుశనక్కాయలు ఒలుచుకు తింటోంది.

పైన మంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత మంచు. దాన్ని చూడగానే బాబాయి మొహానికి నెత్తురు తిరిగొచ్చింది. బస్టాండులో రిజిస్టరు గుమాస్తా లేచి నిలబడ్డాడు, మూటలు మోసేవాళ్ళు పలకరించారు, టీ కొట్టతను అడగకుండానే రెండు గ్లాసులు పెట్టాడు. ఊరంతా ఈయనదేనని ఆవిడ మురిసిపోయింది. బస్టాండు దాటాక ఆయన్ని పలకరించిన ప్రాణి లేదు.

"లాడ్జి ఎటండీ?"

ఎడమకన్నాడు. ఎడమకు వెళితే కట్టెల అడితి వచ్చింది. కుడికి వెళితే పోస్టాఫీసు వెనకగోడ తగిలింది.

"మార్చేశారు" అన్నాడు.

"పోస్టాఫీసునా?"

"రోడ్డుని."

చివరికి ఆవిడే ఎవరినో అడిగి కనుక్కుంది. చెక్కనేల మేడగది. అడుగు వేస్తే కింద గదివాళ్ళకు తెలిసేంత చప్పుడు. రజాయిలు ముట్టుకుంటే ఇంకా ఆరని బట్టల్లా ఉన్నాయి. కిటికీ తెరిస్తే మంచు లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడ కిటికీ మూసి, సంచిలోంచి పెద్ద రొట్టె ఒకటి తీసింది.

"అదెందుకు?" అన్నాడు ఆయన.

"బాతులకి. పదండి."

బాబాయి మంచం మీద కూలబడ్డాడు. కాళ్ళు నొప్పులన్నాడు. ఆవిడ అప్పటికే మెట్లు దిగుతోంది. ఇక గత్యంతరం లేక ముందు నడిచాడు. మలుపు వచ్చినప్పుడల్లా తెలిసినవాడిలా తిరిగాడు. పావుగంట నడిచాక ఒక రాతిబల్ల కనిపించింది. దాని ముందు ముళ్ళతీగ కంచె, కంచెకు అవతల తెల్లగా, ఏమీ లేదు. ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది.

"ఇదే" అన్నాడు.

"ఏదీ?"

"మంచు కమ్మేసింది గానీ ఇక్కణ్ణుంచి అవతలి గట్టుదాకా నీళ్ళే."

"నీళ్ళ చప్పుడు లేదే?"

"నిలవ నీరు."

"మరి బాతులు?"

"చలికి అరవవు."

ఆవిడ నమ్మింది. బల్ల మీద సర్దుకు కూర్చుని, రొట్టె తుంచి "దా, దా" అంటూ కంచె మీదుగా విసరడం మొదలుపెట్టింది. పది ముక్కలు మంచులో కలిసిపోయాయి. "కుంటిది వెనకే ఉండిపోతుంది పాపం" అని, లేచి నిలబడి, ఒక పెద్ద ముక్క బలంగా విసిరింది.

"ఎవరండీ అది?" అని మంచులోంచి మగగొంతు వినిపించింది.

గొంతు వెనకాలే మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా మట్టి, తలమీద గోనెపట్టా, చేతిలో మొక్కలకు పోసే నీళ్ళడబ్బా, భుజం మీద రొట్టెముక్క. అతను నర్సరీ మేస్త్రీ. కంచె అవతల, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో జానెడేసి తేయాకు మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఎక్కడికక్కడ రొట్టె రాలి ఉంది.

"చెరువులో బాతులకి వేస్తున్నానండీ" అంది ఆవిడ.

మేస్త్రీ వెనక్కి తిరిగి ఒకసారి చూసుకున్నాడు, తనకు తెలియకుండా ఏమైనా వచ్చిందేమోనని. "ఈ ఊళ్ళో చెరువెక్కడుందమ్మా? నేను పుట్టింది ఇక్కడే. నీళ్ళు కావాలంటే అడవిలో వాగుకెళ్ళాలి, లేకపోతే పైపు తిప్పాలి."

ఆవిడ భర్త వైపు తిరిగింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మేస్త్రీకి సంగతి తెలియకపోయినా, తను అక్కడ ఉండకూడదని తెలిసింది. "పొద్దున్నే మా ఆవిడ తోటలో ఆకు కోతకెళ్తుంది. చూడాలనుంటే రండమ్మా" అని, భుజం దులుపుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

"చెరువు?" అంది ఆవిడ.

"లేదు."

"వంతెన?"

"లేదు."

"గులాబీలు?"

"ఉంటే ఉండొచ్చు. నేను చూళ్ళేదు. నేను ఇక్కడ పడుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదే."

ఆవిడ చేతిలోని రొట్టె వంక చూసుకుంది. ఆఖరికి "కుంటిది?" అంది.

బాబాయి తల వంచుకున్నాడు.

"ఈ తోటల్లో ఆకు కోసేవాళ్ళంతా ఒక్కటైనా మీరు కోసినన్ని కోతలు కొయ్యలేరు" అంది ఆవిడ. "చెరువు పోతే పోయింది. ఆ కుంటిదానికోసం నేను రెండు రోజులు ఏడ్చాను." మిగిలిన రొట్టె చంకన పెట్టుకుని, లాడ్జికి తనే దారి కనుక్కుంటూ వెళ్ళిపోయింది. ఆయన వెనకే నడిచాడు.

మర్నాడు ఆయన లేచేసరికి పక్క మంచం ఖాళీ. గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు లేవు. లాడ్జి యజమానురాలు వేణ్ణీళ్ళ బకెట్టు దించుతూ, "తెల్లారగానే తోట వైపు వెళ్ళారండీ. మీరు లేస్తే టీ ఇమ్మన్నారు, మాట్లాడొద్దన్నారు" అంది. ఆయన టీ తాగకుండానే బయటపడ్డాడు.

తోటలోకి దిగిన పది నిమిషాలకు ఆయనకు తను ఎక్కడున్నాడో తెలియలేదు. నడుము ఎత్తు పొదలు, మధ్య ఒక మనిషి పట్టే దారులు, అన్నీ ఒకే పోత పోసినట్టున్నాయి. అన్నిటి మీదా మంచే. "ఏమేవ్" అని కేక వేశాడు. ఆకుల మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలడం తప్ప జవాబు లేదు. ఇంకొంచెం నడిస్తే పొదలు అయిపోయి అడవి మొదలైంది. ఒక్కో చెట్టు మానును ముగ్గురు పట్టుకోవాలి. లోపల ఏదో కొమ్మ విరిగింది. బాబాయి వచ్చినదారినే వెనక్కి నడిచాడు, నిజానికి అది వచ్చినదారి కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ ఘాట్ డ్రైవరు, బస్టాండుకు అరమైలు దూరంలో దారి తప్పి, ఒక పొద పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఎక్కడో కింద హారను మోగింది. మోగి, వెంటనే ఇంకోసారి మోగినట్టు వినిపించింది. అది రెండోసారి కొట్టింది కాదు. పదకొండో మలుపులో బండరాయికి తగిలి చప్పుడు తిరిగొస్తుంది, ఇంకే మలుపులోనూ అలా రాదు. బాబాయి చెవులు రిక్కించాడు. గేరు మారింది, ఇంజను గొంతు బరువెక్కింది. పన్నెండు. అంటే రోడ్డు తన ఎడమ పక్క, కొంచెం కింద. మంచులో కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే కాబట్టి కళ్ళ సంగతి మానేసి, చెవులను నమ్ముకుని బస్సు వైపు దిగాడు. నాలుగు దారులు మారేసరికి ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి.

ఆకు కోసేవాళ్ళు ఆరేడుగురు బుట్టలు దించి, పెద్ద బండ మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్ళ మధ్య, అరువు బుట్ట వీపున తగిలించుకుని, ఆయన భార్య. ఆయన్ని చూసి ఆవిడ మొహం తిప్పుకుంది.

"తప్పిపోయారా?" అంది, అటు చూస్తూనే.

అలవాటు కొద్దీ "లేదు" అనబోయి ఆగాడు. "అవును" అన్నాడు.

ఆ ఊరి గురించి ఆయన ఆవిడకు చెప్పిన మొదటి నిజం అది.

ఆయన బండ చివర కూర్చున్నాడు. కాసేపటికి గాలి తోలి మంచు ఒక పక్క చిరిగింది. కింద ఘాట్ రోడ్డంతా బయటపడింది, ఎవరో విసిరేసిన తాడులా. దాని మీద అగ్గిపెట్టెంత బస్సు పాకుతోంది. తను బతుకంతా నడిపిన రోడ్డు ఇలా ఉంటుందని బాబాయికి తెలియదు. నోరు తెరుచుకుని చూశాడు.

"ఆ మధ్యలోది తొమ్మిదో మలుపు" అన్నాడు, ఎవరూ అడగకుండానే. "అక్కడ ఒకసారి ఏనుగు అడ్డం నిలబడింది. మూడు గంటలు."

మేస్త్రీ భార్య టీ గ్లాసు దించింది. "ఆ బస్సు మీదేనా? అందులో మా అత్త ఉంది. డ్రైవరు దిగి ఏనుగుని బతిమాలాడని చెప్తుంది."

"బతిమాలలేదమ్మా. లైట్లార్పి, ఇంజను ఆపేసి కూర్చున్నాను. ఎవర్నీ దగ్గొద్దన్నాను. మీ అత్తగారే దగ్గారేమో."

ఆడవాళ్ళు నవ్వారు. ఆయన కుదురుగా కూర్చున్నాడు. ఆరో మలుపులో ఒకావిడ బస్సులోనే ప్రసవించిన సంగతి చెప్పాడు. మగవాళ్ళందర్నీ వానలోకి దింపేసి, తను మాత్రం బ్రేకు మీద కాలు తియ్యకుండా, వెనక్కి తిరక్కుండా గంటసేపు కూర్చున్నాడట. పదమూడో మలుపులో బ్రేకులు పోయిన సంగతి చెప్పాడు. బస్సును కొండకేసి రాసుకుంటూ పోనిచ్చి ఆపాడు. నలభై ఒక్కమంది, ఒక్కరికీ గీత పడలేదు, బస్సుకు ఎడమపక్క రంగు మాత్రం మిగల్లేదు.

భార్య ఇటు తిరిగింది. "ఇదెప్పుడు?"

"బాతు పిల్లల్ని పొదిగిందని చెప్పానే, ఆరోజు."

ఆవిడకు ఆరోజు బాగా గుర్తుంది. బాతుకు ఏడు పిల్లలని వీధంతా తిరిగి చెప్పింది. "ఇవెందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే మర్నాడు నన్ను డ్యూటీకి పంపేదానివా?"

ఆవిడ ఆయన పక్కకు జరిగింది. తన గ్లాసులో మిగిలిన టీ ఆయనకిచ్చి, "చల్లారుతోంది, తాగండి" అంది. తరవాత మేస్త్రీ భార్య వైపు తిరిగి, "ఆ బస్సులో పుట్టిన బిడ్డ ఇప్పుడెక్కడుందో తెలుసా?" అని అడిగింది.

"తెలియకేమండీ. ఇక్కడే, టీ ఫ్యాక్టరీలో ప్యాకింగు గదిలో ఉంటుంది. ఇరవై రెండేళ్ళు."

ఒక్కరోజుకని వచ్చినవాళ్ళు ఇంకో మూడు రోజులున్నారు. ఆవిడ ఆకు కోస్తానంటే కోయనిచ్చారు గానీ, లేతది వదిలేసి ముదురాకు తుంచుతోందని సాయంత్రానికి బుట్ట మర్యాదగా వెనక్కి తీసుకున్నారు. మర్నాడు ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు. ఎండిన ఆకు వాసన గడపలోనే ముక్కుకు తగిలింది. ప్యాకింగు గదిలో జుట్టుకు గుడ్డ కట్టుకున్న అమ్మాయి ఒకతి, తక్కెడ దగ్గర నిలబడి పొట్లాలు అంటిస్తోంది. మేస్త్రీ భార్య ముందే చెప్పి ఉంచడంతో, చూడగానే చేతులు తుడుచుకుని వచ్చింది.

"మీరేనా బ్రేకుల బాబాయి?" అంది. "మా అమ్మ మిమ్మల్ని ఇప్పటికీ తలుచుకుంటుందండీ."

బాబాయి మొహమాటంగా నవ్వాడు. నాదేముందమ్మా అనడానికి సిద్ధపడ్డాడు కూడా.

"ఇంకాస్త తొందరగా నడిపి ఉంటే నేను ఆసుపత్రిలోనే పుట్టేదాన్నట. నా పుట్టిన ఊరు ఏం రాయాలో తెలియక బళ్ళో మాస్టారు ఘాట్ రోడ్డని రాశారు. ఇప్పటికీ ఏ కాగితం తీసుకెళ్ళినా ఆ ఊరెక్కడమ్మా అంటున్నారు."

ఆయన భార్య గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"రోడ్డు తడిగా ఉందమ్మా ఆరోజు" అన్నాడు బాబాయి.

"మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి. ఆ మాటేదో మా అమ్మతో మీరే చెప్పుకోండి" అంది ఆ అమ్మాయి, అంటించిన పొట్లం ఒకటి ఆవిడ చేతిలో పెడుతూ. ఇల్లెక్కడో బాబాయి భార్యే వివరంగా అడిగి తెలుసుకుంది. దారి చూపించే పని ఆయనకు వదల్లేదు.